పెద్ద దేశానికి హైస్పీడ్ రైలు పనికిరాదా? ఒక పట్టాల మనిషి జవాబు

అడిగిన ప్రశ్న ఇది: "జపాన్, ఫ్రాన్స్ చిన్న దేశాలు కాబట్టి అక్కడ హైస్పీడ్ రైళ్లు నడిచాయి, అమెరికా లాంటి పెద్ద దేశంలో అది అయ్యే పని కాదని మా మేనేజర్ అన్నారు. మనదీ పెద్ద దేశమే కదా. మరి హైదరాబాద్ నుంచి బెంగళూరుకు, చెన్నైకి, పుణెకు బుల్లెట్ రైలు అంటున్నారు, ఇదంతా డబ్బు దండగేనా?"

నేను రైల్వేలో ముప్పై మూడేళ్లు పర్మనెంట్ వే విభాగంలో చేశాను. పీ-వే అంటాం. పట్టా, స్లీపరు, కంకర, కట్ట, ఇవే మా లోకం. ఎక్కువ కాలం కాజీపేట, విజయవాడ వైపే గడిచింది. బుల్లెట్ రైలు పట్టా నేను వేయలేదు, ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను. కానీ రైలుకు వేగం ఎక్కడ వస్తుంది, ఎక్కడ పోతుంది అన్నది గేజు పట్టుకుని సెక్షనంతా నడిచి నేర్చుకున్నవాణ్ని. మా అబ్బాయి కాలిఫోర్నియాలో ఉంటాడు కాబట్టి రిటైరయ్యాక రెండుసార్లు అమెరికా వెళ్లొచ్చాను. అక్కడ చూసింది కూడా చెప్తాను.

మీ మేనేజర్ గారి మాటలో కొంత నిజం ఉంది. న్యూయార్క్ నుంచి లాస్ ఏంజిలిస్‌కు మ్యాపు మీద స్కేలు పెట్టి గీత గీసినా 3,900 కి.మీ. పైనే. గంటకు 300 చొప్పున మధ్యలో ఒక్క స్టేషన్‌లోనూ ఆగకుండా పరిగెత్తినా పదమూడు గంటలు. విమానంలో ఐదారు గంటలు. ఆ రైలు ఎవరూ ఎక్కరు. అసలు ఆ రైలు వేయమని గట్టిగా అడిగినవాళ్లు కూడా లేరు. ఆదిలాబాద్ నుంచి చిత్తూరు చాలా దూరం కాబట్టి హన్మకొండ నుంచి హైదరాబాద్‌కు బస్సు వేయడం దండగ అన్నట్టుంది ఈ వాదన. దేశం ఈ కొసన ఎక్కి ఆ కొసన దిగేవాళ్లు ఎంతమంది ఉంటారు? చూడాల్సింది ఏ రెండు ఊళ్ల మధ్య రైలు వేస్తున్నాం, వాటి మధ్య దూరమెంత, ఆ ఊళ్లలో జనమెంత, దిగాక ఇల్లు చేరడానికి ఎంతసేపు పడుతుంది అన్నవే.

దూరం లెక్క సుమారుగా ఇలా ఉంటుంది. రెండు వందల కి.మీ. లోపయితే కారు, బస్సు, మామూలు రైలు చాలు. హైదరాబాద్, వరంగల్ మధ్య బుల్లెట్ రైలు వేస్తే ఇంటి నుంచి స్టేషన్‌కు పోయే టైమే రైల్లో కూర్చునే టైముకంటే ఎక్కువవుతుంది. 250 నుంచి 800 కి.మీ. దాకా హైస్పీడ్ రైలుకు తిరుగులేదు. వెయ్యి దగ్గరికొచ్చేసరికి విమానం మెల్లగా పైచేయి అవుతుంది.

దీనికి మంచి సాక్ష్యం ఆ 'చిన్న దేశం' జపానే. టోక్యో నుంచి ఒసాకాకు 515 కి.మీ. నొజోమి రైలు రెండున్నర గంటల లోపే చేరుస్తుంది. ఆ దారిలో రైలుదే రాజ్యం. అదే రైలు ముందుకు సాగి ఫుకువోకాలోని హకాటా స్టేషన్‌కు వెళ్తుంది. టోక్యో నుంచి 1,069 కి.మీ., దాదాపు ఐదు గంటలు. అక్కడికి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది విమానమే ఎక్కుతారు. పైగా ఫుకువోకా విమానాశ్రయం హకాటా స్టేషన్ నుంచి సబ్‌వేలో రెండో స్టాపే! దేశం మారలేదు, రైలు మారలేదు, సీటు మారలేదు. మారింది దూరం ఒక్కటే.

ఇప్పుడు అమెరికా సంగతి. 2023 వేసవిలో మా అబ్బాయి ఫ్రీమాంట్ నుంచి లాస్ ఏంజిలిస్‌కు కారులో తీసుకెళ్తూ, నా పోరు పడలేక ఫ్రెస్నో మీదుగా తిప్పాడు. అక్కడ 99వ నంబరు హైవే మీద హైస్పీడ్ రైలు కోసం కట్టిన సెడార్ వయాడక్ట్ అని కిలోమీటరు పైచిలుకు వంతెన ఉంది. హైవే దాటే చోట తోరణాల్లాగా కాంక్రీటు విల్లులు. పని నాణ్యత చూస్తే చేతులెత్తి మొక్కాలనిపించింది. కింద కార్లు దూసుకుపోతున్నాయి. పైన పట్టా లేదు, కరెంటు తీగ లేదు. "ఇది చూడ్డానికా నాన్నా గంట ఎక్కువ డ్రైవ్ చేయించావు" అన్నాడు మావాడు.

ఆ లైను కథ ఇది. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి లాస్ ఏంజిలిస్‌కు రెండు గంటల నలభై నిమిషాల్లో చేరే రైలు వేస్తామని 2008 నవంబర్‌లో ప్రజల ముందు ఓటుకు పెట్టారు. 995 కోట్ల డాలర్ల బాండ్లకు జనం ఒప్పుకున్నారు. అప్పట్లో మొత్తం ఖర్చు 3,300 కోట్ల డాలర్లన్నారు. ఇప్పుడది పది వేల కోట్ల డాలర్ల చుట్టూ తిరుగుతోంది. ప్రస్తుతం పని నడుస్తున్నది మధ్యలో సెంట్రల్ వ్యాలీలో, మెర్సెడ్ నుంచి బేకర్స్‌ఫీల్డ్ దాకా వేయాలనుకుంటున్న 275 కి.మీ. ముక్కలో. ఇటు శాన్ ఫ్రాన్సిస్కోకు, అటు లాస్ ఏంజిలిస్‌కు కొండల్లో సొరంగాలు తవ్వాలి, వాటికి డబ్బు చేతిలో లేదు. ఇస్తానన్న 400 కోట్ల డాలర్లు కూడా అమెరికా కేంద్ర ప్రభుత్వం 2025 జూలైలో వెనక్కి తీసుకుంది.

గమనించండి, రోడ్డు మీద ఆ రెండు ఊళ్ల మధ్య దూరం ఆరు వందల కి.మీ. పైచిలుకు. రెండు వైపులా కోటికి అటూఇటూ జనం. హైస్పీడ్ రైలుకు ఇంతకంటే మంచి జోడీ దొరకదు. అక్కడ పని కుంటుపడటానికి అమెరికా పెద్దదవడం ఎలా కారణమవుతుంది? భూమి చేతికి రాకముందే కాంట్రాక్టులు ఇచ్చేశారు. వేల కొద్దీ కమతాలు, ఒక్కోదానికి ఒక్కో బేరం. గ్యాస్ పైపులు, కరెంటు లైన్లు, కాలవలు పక్కకు జరపడానికి ఏళ్లు పట్టింది. పర్యావరణం పేరు మీద కేసులు. కాంట్రాక్టరు మనుషులు, యంత్రాలు ఖాళీగా ఉన్న ప్రతి రోజుకూ బిల్లు పడుతుంది. ఈ బాధ నాకు బాగా తెలుసు. ఒకసారి ఒక చిన్న కర్వు సరిచేసే పనికి ఎకరం చిల్లర భూమి కోసం నేను నాలుగేళ్లు ఫైలు మోశాను. చివరికి పని అయ్యే నాటికి నాకు ట్రాన్స్‌ఫర్ వచ్చేసింది.

అమెరికాలో ఇంకో లైను ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. వాషింగ్టన్, న్యూయార్క్, బోస్టన్, మొత్తం 735 కి.మీ. 2000 డిసెంబర్ నుంచి అక్కడ అసెలా రైలు నడుస్తోంది. 2025 ఆగస్టులో వచ్చిన కొత్త అసెలా గంటకు 257 కి.మీ. దాకా వెళ్తుంది. చెప్పుకోవడానికి బాగానే ఉంది. కానీ వాషింగ్టన్ నుంచి న్యూయార్క్‌కు 363 కి.మీ., పట్టేది రెండు గంటల యాభై నిమిషాల దాకా. అంటే సగటు 130 దాటదు. బాల్టిమోర్‌లో 1873 నాటి సొరంగం ఉంది, లోపల మలుపు, అక్కడ రైలు 50 కూడా అందుకోకుండా పాకాలి. శాశ్వతంగా కాషన్ ఆర్డర్, అంటే మెల్లగా పొమ్మనే ఉత్తర్వు, పెట్టినట్టే! అయినా సరే, ఆ రెండు నగరాల మధ్య విమాన కంపెనీలన్నీ కలిపి తీసుకెళ్లేవాళ్ల కంటే ఎక్కువమంది రైలే ఎక్కుతున్నారు. పాత సొరంగాలు, పాత వంతెనలతోనే ఇంత గిరాకీ ఉంటే కొత్త దారి వేస్తే ఎలా ఉంటుందో మీ మేనేజర్ గారిని ఆలోచించమనండి.

జనసాంద్రత మాట ఎవరైనా ఎత్తితే నేను స్పెయిన్ పేరు చెప్తాను. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు దాదాపు రెండింతల విస్తీర్ణం, జనాభా మాత్రం రెండు తెలుగు రాష్ట్రాల్లో సగం కంటే కాస్త ఎక్కువ. మధ్యలో మైళ్ల కొద్దీ ఖాళీ పీఠభూమి. అయినా 1992లో మాడ్రిడ్, సెవిల్ మధ్య మొదలుపెట్టి ఇవాళ నాలుగు వేల కి.మీ. దాకా వేసుకున్నారు, చైనా తర్వాత వాళ్లే. మాడ్రిడ్, బార్సిలోనా మధ్య 621 కి.మీ. రెండున్నర గంటలు. 2008లో ఆ లైను పూర్తయ్యాక, ఐరోపాలోనే రద్దీగా ఉండే ఆ విమాన మార్గం నుంచి జనం రైలుకు తరలిపోయారు. ఖాళీ నేల రైలుకు అడ్డు కాదు. నన్నడిగితే వరమే, భూమి చవక, మలుపులు తక్కువ. రెండు కొసల్లో బరువైన ఊళ్లుంటే చాలు. స్పెయిన్ అన్ని లైన్లలోనూ జనం నిండుతున్నారని మాత్రం అనను. రాజకీయ ఒత్తిడితో చిన్న ఊళ్లకు వేసిన లైన్లు కూడా ఉన్నాయి.

ఇక అసలైన పెద్ద దేశం చైనా. 2008 ఆగస్టులో బీజింగ్, తియాంజిన్ మధ్య 120 కి.మీ.తో గంటకు 350 వేగం మొదలుపెట్టారు. 2024 ఆఖరుకు మొత్తం 48 వేల కి.మీ. ప్రపంచంలో మిగతా దేశాలన్నీ కలిపినా అంత లేదు. బీజింగ్, షాంఘై లైను 1,318 కి.మీ., 2011 జూన్ 30న తెరిచారు, వేగంగా పోయే రైలు నాలుగున్నర గంటల లోపే చేరుస్తుంది. అక్కడితో ఆగకుండా బీజింగ్ నుంచి గ్వాంగ్‌జౌకు 2,298 కి.మీ. లైను 2012 డిసెంబర్‌లో పూర్తి చేశారు.

వెయ్యి దాటితే విమానమే గెలుస్తుందని ఇప్పుడే చెప్పి, 2,298 కి.మీ. లైను ఎలా నిలబడిందంటారా? మన పల్లెవెలుగు బస్సును చూడండి. హన్మకొండలో బయలుదేరి ఖమ్మం పోయే బస్సులో ఈ కొస నుంచి ఆ కొసకు పోయేవాళ్లు కొద్దిమందే. బస్సు మాత్రం ఎప్పుడూ ఖాళీగా ఉండదు. వర్ధన్నపేటలో దిగినవాళ్ల సీట్లో తొర్రూరుకు పోయేవాళ్లు కూర్చుంటారు. కండక్టరు అదే సీటును మూడుసార్లు అమ్ముతాడు. బీజింగ్, గ్వాంగ్‌జౌ లైను కూడా అంతే. షిజియాజువాంగ్, జెంగ్‌జౌ, వుహాన్, చాంగ్‌షా, ఇలా కొన్ని వందల కి.మీ.లకు ఒక్కో మహానగరం. జనం ముక్కలు ముక్కలుగా ఎక్కి దిగుతారు. పేరుకు ఒకటే లైను, లోపల నాలుగైదు మంచి జోడీలు పూసల్లా గుచ్చి ఉన్నాయి. తూర్పు చైనా అంతా ఇలాంటి దండలే.

పూసలు లేని చోట ఏమవుతుందో కూడా చైనాలోనే కనిపిస్తుంది. లాంజౌ నుంచి ఉరుంచీకి ఎడారిలో 1,776 కి.మీ. లైను 2014లో తెరిచారు. ఈదురుగాలికి రైలు పడిపోకుండా కిలోమీటర్ల కొద్దీ గోడలు కట్టారు. ఇంజినీరుగా గొప్ప పని. టికెట్ల లెక్కలో చూస్తే తూర్పు లైన్లకు దరిదాపుల్లోకి రాదు. ప్రభుత్వం దాన్ని సరిహద్దు ప్రాంతాన్ని దగ్గర చేసుకునే ఖర్చుగా చూసుకుంది. బీజింగ్, షాంఘై లైను మాత్రం లాభాలు తెచ్చి, ఆ కంపెనీ 2020లో షేర్ మార్కెట్లోకి కూడా వచ్చింది. మొత్తం మీద చైనా రైల్వే నెత్తిన ఆరు లక్షల కోట్ల యువాన్లకు పైగా అప్పుంది. చైనాను చూపించి "అయ్యే పనే" అనేవాళ్లు ఈ అంకె చెప్పరు, "అయ్యే పని కాదు" అనేవాళ్లు ఇదొక్కటే చెప్తారు.

ఇంకో లాభం టికెట్ లెక్కల్లో కనిపించదు. ప్రయాణికుల రైళ్లు కొత్త లైనుకు వెళ్లిపోతే పాత లైను గూడ్స్‌కు దొరుకుతుంది. ఇది మన దగ్గర పనిచేసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. సింగరేణి బొగ్గు ర్యాకు ఒకటి అరవై వేగంతో పోతోందనుకోండి, వెనకాల వందే భారత్ 130లో వస్తోంది. ముందే ఏదో స్టేషన్‌లో గూడ్స్‌ను లూప్ లైన్లోకి, అంటే పక్క పట్టా మీదికి, తీసి నిలబెట్టాలి. ఫాస్ట్ రైలు దాటాలి, మళ్లీ సిగ్నల్ ఇవ్వాలి, ఐదు వేల టన్నులు మళ్లీ కదలాలి. ఒక్క ఫాస్ట్ రైలు కోసం ఎన్ని గూడ్స్ బండ్ల దారి పోతుందో కంట్రోలర్లను అడగండి. అందరూ ఒకే వేగంతో పోతే లైనులో చాలా రైళ్లు పడతాయి. వేగాల్లో తేడా పెరిగినకొద్దీ లైను కుంచించుకుపోతుంది. 1950ల్లో జపాన్ కొత్త లైను గురించి ఆలోచించిందే టోక్యో, ఒసాకా మధ్య పాత టోకాయిడో లైను నిండిపోయి ఊపిరాడకపోవడం వల్ల. ఖర్చు అంచనాకు రెండింతలైంది. రైల్వే అధ్యక్షుడు సోగో షింజి, చీఫ్ ఇంజినీరు షిమా హిడెవో 1963లో తప్పుకోవాల్సి వచ్చింది. 1964 అక్టోబర్ 1న మొదటి రైలు బయలుదేరే నాటికి ఇద్దరూ పదవిలో లేరు. ఇవాళ ఆ లైను ఏడాదికి 15 కోట్లకు పైగా జనాన్ని మోస్తోంది.

"ఉన్న పట్టాల మీదే వేగం పెంచొచ్చు కదా" అని చాలామంది అంటారు. పెంచొచ్చు, కొంతవరకు. మా పీ-వే భాషలో మలుపును డిగ్రీల్లో కొలుస్తాం. ఒక డిగ్రీ కర్వు అంటే 1,750 మీటర్ల వ్యాసార్థం. బయటి పట్టాను ఎత్తు చేసి కాంట్ ఇచ్చినా, ఆ కర్వులో రైలు 170, 180 దాటడం కుదరదు. ముంబై, అహ్మదాబాద్ బుల్లెట్ లైనులో 320 వేగం కోసం మలుపు వ్యాసార్థం 6,000 మీటర్లు పెట్టుకున్నారు, అంటే డిగ్రీలో మూడో వంతు కూడా కాదు. కంటికి అది మలుపులానే కనిపించదు. మన మెయిన్ లైన్లలో ఒక డిగ్రీ, రెండు డిగ్రీల కర్వులు ఎన్ని ఉన్నాయో నేను నడిచి లెక్కపెట్టినవాణ్ని. వాటిని సరిచేయాలంటే ఊళ్ల మధ్య నుంచి కొత్త భూమి కావాలి. అంతకంటే కొత్త దారి వేయడమే తేలిక. 300 వేగంలో బ్రేకు వేస్తే రైలు ఆగడానికి మూడు కిలోమీటర్ల పైనే కావాలి. అంత దూరంలోని సిగ్నల్ లోకో పైలట్‌కు కనబడదు, సిగ్నల్ క్యాబిన్‌లోకే రావాలి. లెవెల్ క్రాసింగులు, పట్టాలు దాటే గేదెలు, ఇవేవీ ఉండకూడదు. అందుకే గుజరాత్‌లో దాదాపు లైనంతా పిల్లర్ల మీద కడుతున్నారు. పిల్లర్ల మీదైతే 17.5 మీటర్ల వెడల్పు భూమితో పని జరుగుతుంది, రైతు పొలం రెండు ముక్కలవదు.

మన విశాఖ, సికింద్రాబాద్ వందే భారత్‌నే చూడండి. 2023 సంక్రాంతికి మొదలైంది. డబ్బాలు 180కి తయారైనవి. 699 కి.మీ.కు ఎనిమిదిన్నర గంటలు, సగటు 82. మంచి రైలే, నేనూ ఎక్కుతాను. కానీ దాన్ని హైస్పీడ్ అనకండి.

మీరడిగిన హైదరాబాద్ లైన్ల సంగతికి వస్తాను. 2026 బడ్జెట్‌లో ఏడు హైస్పీడ్ కారిడార్లు ప్రకటించారు. అందులో మూడు హైదరాబాద్‌వే: పుణె, బెంగళూరు, చెన్నై. మూడూ నేను పైన చెప్పిన దూరం లెక్కలో పడతాయి. బెంగళూరు జోడీ మరీ ముచ్చటైనది. ఇక్కడ శంషాబాద్, అక్కడ దేవనహళ్లి, రెండు విమానాశ్రయాలూ ఊరి బయటే. విమానం గాల్లో ఉండేది గంటా పది నిమిషాలు. కూకట్‌పల్లిలో ఇంటి తలుపు వేసిన దగ్గర్నుంచి కోరమంగళలో తలుపు తట్టే దాకా లెక్కేయండి, ఐదు గంటలు తేలిగ్గా దాటుతుంది. ఆరు వందల కి.మీ. చిల్లరను సగటున 230తో పోయినా రైల్లో రెండు గంటల నలభై నిమిషాలు. ఇప్పుడు కాచిగూడ, యశ్వంత్‌పూర్ వందే భారత్‌కు ఎనిమిదిన్నర గంటలు పడుతోంది. మధ్యలో కర్నూలు, అనంతపురం తప్ప పెద్ద పూసలు లేవు, అదొక్కటే లోటు. చెన్నై లైను ఏ దారిన పోతుందన్నది ఇంకా కీలకం. కోస్తా వైపు నుంచి విజయవాడ, ఒంగోలు, నెల్లూరు తగిలేలా వేస్తే దూరం పెరిగినా పల్లెవెలుగు లెక్క పనిచేస్తుందని నా అభిప్రాయం. పుణె వైపు షోలాపూర్ ఉంది.

డబ్బు దండగేనా అన్నారు. ముంబై, అహ్మదాబాద్ 508 కి.మీ.కు మొదటి అంచనా 1.08 లక్షల కోట్లు, కిలోమీటరుకు రెండు వందల కోట్ల పైన. అందులో 81 శాతం జపాన్ అప్పు, 0.1 శాతం వడ్డీకి, 50 ఏళ్లలో తీర్చేలా. హైదరాబాద్ లైన్లకు కూడా అంత చవక అప్పు దొరుకుతుందని అనుకోవద్దు. 2017 సెప్టెంబర్‌లో శంకుస్థాపన జరిగితే భూమి మొత్తం చేతికొచ్చేసరికి 2024 జనవరి అయింది. కాబట్టి మన లైన్లకు తేదీలు ప్రకటిస్తే వాటిని నమ్మి అక్కడ ప్లాట్లు కొనకండి, రియల్ ఎస్టేట్ వాళ్లు బ్రోషర్ల మీద రైలు బొమ్మ వేసేస్తారు.

నేను మాత్రం ఒక్కటే చూస్తాను, స్టేషన్ ఎక్కడ పెడుతున్నారో. ఫ్రాన్స్‌లో అమియాన్, సాంకాంతాన్ అనే రెండు ఊళ్ల మధ్య పొలాల్లో హైస్పీడ్ స్టేషన్ కట్టారు, జనం దానికి బీట్‌రూట్ స్టేషన్ అని పేరు పెట్టారు. దిగితే చుట్టూ చెరకులా చక్కెర తీసే బీట్ తోటలు, వేరే రైలు లేదు. రేపు మన డీపీఆర్, అంటే ప్రాజెక్టు పూర్తి వివరాల నివేదిక, బయటికొస్తే ఖర్చు కాలమ్ కంటే ముందు ఆ మ్యాపు తెరవండి. హైదరాబాద్ స్టేషన్‌కు మెట్రో తగులుతుంటే ఒక లెక్క. ఔటర్ రింగ్ రోడ్డు అవతల భూమి చవకగా దొరికిందని అక్కడ పెడితే, క్యాబ్‌లో గంటన్నర కూర్చుని రెండున్నర గంటల రైలు ఎక్కాలి. అప్పుడు మీ మేనేజర్ గారు శంషాబాద్‌కే పోతారు, నేనూ ఆయన వెనకే పోతాను.